తెర మీది మామిడికాయ

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, మా సెంటర్ పిల్లలకూ తెలుసు. నా స్కూటీ ఆగిన తీరును బట్టి ఆ పూట నా మనసు ఎట్లా ఉందో వాళ్లు చెప్పగలరని మా ఆయా అంటుంది. ఆమె మాట నేను ఒప్పుకోను. కానీ కొన్ని రోజులు నేను బండి దిగకముందే పిల్లలు చేతులు కడుక్కుని వరసగా కూర్చుని ఉండటం మాత్రం నిజం.

నేను పుట్టింది వేంసూరు దగ్గర. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి భూముల కోసం వచ్చిన రైతు కుటుంబం మాది. పెళ్లయి చండ్రుగొండ వచ్చాను. అక్కణ్ణుంచి స్కూటీ మీద అరగంట అడవి వైపు పోతే ఒక కోయ గుంపు వస్తుంది. గుంపు అంటే పాతిక ఇళ్ల చిన్న ఊరు. అక్కడి అంగన్‌వాడీలో పదేళ్లుగా నేను టీచర్‌ని. మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు పదకొండు మంది. వాళ్లలో వాళ్లు కోయ మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. అదైనా నేను అడిగితేనే. నాకు తోడుగా ఉండే ఆయా ఆ గుంపు మనిషే. నాకన్నా పదేళ్లు పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను టీచర్ అంటుంది.

రెండేళ్ల కింద, శివరాత్రి అయిన వారానికి మా సెంటర్‌కు కంప్యూటర్ వచ్చింది. పట్నంలో ఎవరో దాతలు ఇచ్చారట. మా వైపు సెంటర్లన్నిటికీ కలిపి ఒక్కటే కావడంతో చీటీలు వేశారు. మాకు తగిలింది. రోడ్డు మీదున్న పెద్ద సెంటర్ టీచర్ ఆ రోజు నాతో మాట్లాడలేదు. అడవిలో పిల్లలకు అదెందుకు అని ఎవరితోనో అన్నదని తెలిసి నేను కూడా ఆమెతో మాట్లాడటం మానేశాను.

అది కొత్తదేమీ కాదు. ఏదో ఆఫీసులో వాడి పక్కన పెట్టింది. మౌస్ తీగకు ఒక చోట నల్ల టేపు చుట్టి ఉంది. అయినా నేను దానికి పసుపు కుంకుమ పెట్టి, స్విచ్ వేసి, రండి రండి అని పిలిచాను. తొమ్మిది మంది పిల్లలు గడప దగ్గరే నిలబడ్డారు. ఒక్కరూ లోపలికి రాలేదు.

భయపడుతున్నారనుకున్నాను. అది కరవదు, కుట్టదు, రండి అన్నాను. బతిమాలాను, బెదిరించాను, ఒక పాట కూడా పెట్టాను. పాటకు తలలు ఊపారు గానీ గడప దాటలేదు. నాకు ఒళ్లు మండింది. చీటీలో తగిలి మరీ వచ్చిన వస్తువు వీళ్లకు పట్టదేమిటని ఆయా మీద అరిచాను.

“భయం కాదు టీచర్,” అంది ఆయా, గుడ్లు ఉడికే గిన్నె మీద మూత సరిచేస్తూ. “ఇంక ఇద్దరు రాలే. అందరు రాకుండ కొత్తది ఎట్ల ముట్టుకుంటరు?”

ఆ ఇద్దరూ తల్లుల వెంట ఇప్పపూలు ఏరడానికి పోయారు. నేను ఏదో అనేలోపే నలుగురు పిల్లలు చెట్ల వైపు పరుగు పెట్టారు, వాళ్ల వెనకాల ఆయా. పావుగంటలో ఇద్దరినీ పట్టుకొచ్చారు. ఒకడి బుగ్గలో ఇంకా ఇప్పపువ్వు ఉంది. అప్పుడు పదకొండు మందీ ఒక్కసారే లోపలికి వచ్చి, ఒక్కసారే ఆ బల్ల మీద పడ్డారు. తెర మీద వేళ్ల గుర్తులు తుడవడానికి నాకు ఆ సాయంత్రం చాలా సేపు పట్టింది.

మర్నాడు నేను సుద్దముక్కతో నేల మీద గీత గీశాను. బల్ల దగ్గర ఒక్కరే కూర్చోవాలి, మిగిలిన వాళ్లు గీత అవతల. ఒకరి తర్వాత ఒకరు. మాట్లాడకూడదు. మా చిన్నప్పుడు బడిలో మాకు అట్లాగే నేర్పారు, నాకు తెలిసిన పద్ధతి అదే. ఫలితం ఏమిటంటే, బల్ల దగ్గర కూర్చున్న పిల్ల మౌస్ మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగి చూస్తుంది, గీత అవతలి వాళ్లు దాన్ని చూస్తారు, తెర మీద ఏమీ జరగదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు నేను వారం రోజులు ఆ గీతను రోజూ మళ్లీ మళ్లీ దిద్దాను. ఎనిమిదో రోజు సుద్ద అయిపోయింది. మా కోపిష్టి దేవతకు విసుగొచ్చిందని ఆయా ఎవరితోనో అంటే విన్నాను, విననట్టు ఊరుకున్నాను.

గీత పోయాక చూశాను వాళ్ల పద్ధతి. ఒకరు మౌస్ పడతారు. ఇద్దరు బల్లకు అటూ ఇటూ. మిగతా వాళ్లు వెనక ఒకరి భుజాల మీద ఒకరు గడ్డాలు ఆనించి నిలబడతారు. మూడేళ్ల వాడికి మౌస్ చేతిలో పట్టదు కాబట్టి వాడి చెయ్యి కింద పెట్టి, పెద్ద పిల్లల్లో ఒకరు పైన చెయ్యి వేస్తారు. అయినా అది వాడి వంతే, పై చేతిది కాదు. ఒక బొమ్మకు రంగు వేయడం అయిపోతే ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే లేచి వెనక్కి పోతుంది. కొట్లాట లేదా అంటే ఉంది, ఆవుకు ఏ రంగు వేయాలన్న దగ్గర. మౌస్ కోసం మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు. కరెంటు పోయినా లేవరు. నల్లటి తెర ముందే కూర్చుని, ఇప్పుడు ఆవు ఎక్కడికి పోయి ఉంటుందో మాట్లాడుకుంటారు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు ఫోన్లున్నా ఛార్జర్ కోసం జుట్లు పట్టుకుంటారు. వీళ్లను చూసి నాకు ముచ్చటేసేది, కొంచెం కుళ్లు కూడా.

ఆ గుంపులో ఒక పిల్ల ఉంది. పూజారి మనవరాలు, నాలుగున్నరేళ్లది. సెంటర్‌కు రావడం మొదలుపెట్టి ఏడాది అయినా అక్కడ నోరు విప్పలేదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని తల్లి చెప్పేది. సెంటర్ గడప దాటితే ఇంక ఒక్క మాట ఉండదు, నాతోనే కాదు, పిల్లలతోనూ. ఒకసారి ఖమ్మం పెద్ద దవాఖానాలో చూపించమని నేనే చెప్పాను. చూపించారు. చెవులు బాగానే ఉన్నాయి, గొంతు బాగానే ఉంది, దానికే మాట్లాడాలని ఉండాలి అన్నారట. జూన్‌లో దానికి ఐదేళ్లు నిండాక ఒకటో తరగతికి పంపేటప్పుడు నేను ఒక కాగితం రాసివ్వాలి. మాట్లాడుతుందా లేదా అన్న గడి అందులో ఉంటుంది. ఆ గడి తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

గీత చెరిగిన నాలుగో రోజో ఐదో రోజో, వెనక నిలబడి ఆ పిల్ల మాట్లాడింది. కోయలో, చిన్న గొంతుతో. ఆయా అర్థం చెప్పింది: కిందికి, ఇంకా కిందికి, తోక వదిలేశావు. మౌస్ పట్టుకున్న వాడు తోకకు రంగు వేశాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు, వెనక్కి తిరిగి చూడలేదు కూడా. నేనూ ఆయా మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని గబగబా వంటగదిలోకి పోయాం. అక్కడ ఆయా కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు.

తర్వాత అది రోజూ మాట్లాడింది. ముందుకు రాదు, మౌస్ తన వంతుకు తప్ప పట్టదు, వెనక నిలబడి అందరినీ నడిపిస్తుంది. కంప్యూటర్ ఆపేస్తే ఆ పిల్ల నోరు మళ్లీ మూతపడేది. నాతో మాత్రం అప్పటికీ ఒక్క ముక్క లేదు. తొందరపడకూడదని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇట్లా ఉండగా ఏప్రిల్‌లో సూపర్‌వైజర్ మేడం నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆమె తండాలో పుట్టి చదువుకుని ఆ ఉద్యోగంలోకి వచ్చిన మనిషి, రిటైర్మెంట్‌కు దగ్గరపడింది, మాట కటువు. దాతలు అడిగారట, పిల్లలు దాని మీద నేర్చుకుంటున్నారా అని. అందులో పండ్ల ఆట ఒకటి ఉంది. పిల్లలు ఒక్కొక్కరుగా కూర్చుని, ఎవరి సాయం లేకుండా దాన్ని పూర్తి చేయాలి. సగం మంది కూడా చేయలేకపోతే కంప్యూటర్‌ను రోడ్డు మీది సెంటర్‌కు పంపుతారు. పై వారం గురువారం వచ్చి చూస్తానని రాసింది.

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. కంప్యూటర్ పోతే ఆ పిల్ల మాట కూడా దానితో పోతుందని నా భయం. ఆటేమో కష్టమైంది కాదు. తెర మీద ఒక చెట్టు, దాని కొమ్మలకు ఆరు రకాల పండ్లు. అరటి, జామ, సీతాఫలం, బొప్పాయి, నిమ్మ, మామిడి. ఒక్కోదాన్ని మౌస్‌తో పట్టి కిందనున్న బుట్టలో వేయాలి. ఆరూ పడితే గంట మోగి, ఆ పిల్ల ఫొటో పక్కన నక్షత్రం వస్తుంది. పదకొండు ఫొటోలకు పదకొండు బుట్టలు, చివర ఎవరి ఫొటో లేని ఖాళీవి ఇంకో రెండు. మధ్యలో ఆపినా ఎవరి బుట్ట వాళ్లకు అట్లాగే ఉంటుంది.

అప్పటిదాకా వాళ్లు రంగుల ఆటే ఆడేవాళ్లు. పండ్ల ఆట ఆ సోమవారమే మొదటిసారి తెరిచాను. మొదటి పిల్లవాడు చకచకా ఐదు పండ్లు వేసి చెయ్యి తీసేశాడు. మామిడికాయ కొమ్మకే ఉంది. అది కూడా వెయ్యి అన్నాను. లేచి పోయాడు. రెండో పిల్ల ఐదు వేసి లేచింది. మూడో పిల్లా అంతే. పదకొండు మందీ ఐదు వేశారు, పదకొండు మామిడికాయలూ కొమ్మకే ఉన్నాయి. రెండు రోజులు చెప్పాను, చూపించాను. పూజారి మనవరాలి చెయ్యి పట్టుకుని నేనే లాగబోతే వేళ్లు బిగుసుకున్నాయి. చెయ్యి విడిపించుకుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. గుంపు చుట్టూ ఎటు చూసినా మామిడి చెట్లే, అది ఏ కాయో కూడా మీకు తెలియదా అని అందరి మీదా అరిచాను. ఎవరూ ఏడవలేదు. నా మీద జాలిపడుతున్నట్టు చూశారు.

“మామిడి పండుం కాలే గద టీచర్,” అంది ఆయా. “పిల్లలు ఎట్ల ముడతరు?”

పండుం అంటే వాళ్ల పండుగ. కొత్తగా కాసిన కాయ ఏదైనా సరే, ముందు ఊరంతా కూడి వేల్పులకు పెట్టాలి, తర్వాతే అందరూ కలిసి తినాలి. అప్పటిదాకా దాన్ని ఎవరూ కోయరు, నోట పెట్టరు. తెర మీది మిగతా ఐదింటి వంతు ముందే అయిపోయింది, మామిడిదే మిగిలింది. ఈ సంగతి పదేళ్లుగా నాకు తెలియదా అంటే తెలుసు. ఏటా ఆ పండుగ నాడు నాకు కబురు పెడితే మధ్యాహ్నం పోయి అన్నం తిని వచ్చేదాన్ని. కానీ కంప్యూటర్‌లో మామిడికాయకు కూడా పండుం కావాలన్నది నా బుర్రకు తట్టలేదు. అది బొమ్మ కదక్కా అన్నాను. బొమ్మని నీకు తెలుసు, నాకు తెలుసు, వాళ్లకు కాయంటే కాయే అంది ఆయా.

ఆ మధ్యాహ్నమే పూజారి ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. పండుం ఎప్పుడని అడిగితే, ఆదివారం కావొచ్చన్నాడు, పక్క గుంపు వాళ్లు కూడా ఒప్పుకోవాలి. మేడం వచ్చేది గురువారం. సంగతంతా చెప్పి, అది ఉత్త బొమ్మ, ముట్టుకుంటే తప్పు లేదని పిల్లలకు ఆయన నోటితో ఒక్క మాట చెప్పమని అడిగాను. ఆయన కత్తి కింద పెట్టాడు.

“చెప్తే వింటరు టీచరమ్మా. కానీ రేపు చెట్టు మీది కాయను చూసి ఇది గూడ బొమ్మే అనుకుంటే నేనేం జెయ్యాలె?”

మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను.

మేడంకు ఫోన్ చేసి ఓ నాలుగు రోజులు ఆగమని అడిగితే పోయేది. అడగలేదు. పిల్లలు బొమ్మ మామిడికాయను ముట్టడం లేదని చెబితే నవ్వుతుందేమోనని సిగ్గు. అడవిలో పిల్లలకు అదెందుకు అన్న రోడ్డు మీది టీచర్‌కు తెలిస్తే ఇంకా చిన్నతనం. ఈ రెండూ కలిసి నాతో ఒక పని చేయించాయి.

బుధవారం పిల్లలు ఇళ్లకు పోయాక, ఆయా బయట గిన్నెలు తోముతుండగా, నేను తలుపు దగ్గరగా వేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గంట వినబడకుండా స్పీకర్ గొంతు తగ్గించాను. ముందు పూజారి మనవరాలి ఫొటో నొక్కాను, ఎందుకంటే ఇదంతా దాని కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. కొమ్మకున్న ఒక్క మామిడికాయను పట్టి బుట్టలో వేశాను. నక్షత్రం వచ్చింది. తర్వాత ఇంకో ఆరుగురివి. సగానికి ఆరు చాలు, ఒకటి ఎక్కువ ఉండనీ అనుకున్నాను. రేపు మేడం వచ్చే వేళకు కంప్యూటర్ తెరిచి నక్షత్రాలు చూపిస్తే సరిపోతుంది, పిల్లలు ముందే చేసేశారని చెప్పొచ్చు. ఇంటికి పోతుంటే మనసు తేలిగ్గానే ఉంది. ఆ రాత్రి మా ఆయనతో మంచిగా మాట్లాడితే ఆయనకు అనుమానం కూడా వచ్చింది.

పిల్లలు నాకన్నా ముందు వస్తారని, ఆయా తాళం తీసి స్విచ్ వేస్తుందని నేను మర్చిపోయాను. గురువారం నేను పోయేసరికి సెంటర్‌లో చప్పుడు లేదు. తెర మీద మూడేళ్ల వాడి బుట్ట తెరిచి ఉంది, అందులో మామిడికాయ. వాడు బల్ల కింద కూర్చుని ఏడుస్తున్నాడు. తాను తినలేదని అందరికీ చెబుతున్నాడట, ఎవరూ నమ్మడం లేదు. ఇంకా ఆరుగురు తమ బుట్టలు చూసుకుని బిత్తరపోయి గోడ వారగా నిలబడ్డారు. మామిడికాయ కొమ్మకే ఉన్న నలుగురు కిటికీ దగ్గరికి జరిగి వాళ్లకు దూరంగా నిలుచున్నారు. నువ్వు తిన్నావంటే నువ్వు తిన్నావని ఒకరినొకరు అనుకున్నారట. ఇప్పపూల దగ్గరికి పరుగెత్తి పోయి మరీ తోడు తెచ్చుకున్న పిల్లలు, ఒకే గదిలో రెండు ముక్కలై ఉన్నారు. అంత పని నేను ఒక్క మధ్యాహ్నంలో చేశాను.

పూజారి మనవరాలు గోడ దగ్గర నుంచి నా వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. అది నడుచుకుంటూ నా ముందుకు వచ్చి తల ఎత్తింది. ఏడాదిలో నాతో మొదటి మాట, అదీ తెలుగులో.

“టీచర్, నువ్వు తిన్నవా?”

లేదనొచ్చు. కంప్యూటర్ పాడైందనొచ్చు. నాలుగున్నరేళ్ల పిల్లను నమ్మించడం ఎంతసేపు. కానీ అది నా మొహం తప్ప ఇంకేమీ చూడటం లేదు.

“అవ్,” అన్నాను. “నేనే తిన్న. పిల్లలెవ్వరు తినలే.”

ఆయా ఆ మాటను కోయలో అందరికీ చెప్పింది. బల్ల కింద నుంచి మూడేళ్ల వాడు బయటికి వచ్చి ముక్కు చీదుకున్నాడు. కిటికీ దగ్గరి నలుగురూ ఇవతలికి వచ్చారు. కాసేపట్లో అందరూ మళ్లీ ఒకరి భుజాల మీద ఒకరు పడి తెర చూస్తున్నారు. పూజారి మనవరాలు మాత్రం నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసి, వెళ్లి వాళ్లలో కలిసింది.

పదిన్నరకు మేడం వచ్చింది. నక్షత్రాలు చూసి, ఏడుగురా, మంచిదే అని పెన్ను తీసింది. ఇప్పుడైనా నోరు మూసుకుంటే కంప్యూటర్ మాదే. పదకొండు మంది నా మొహం కేసే చూస్తున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనేది కాదు. మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాను. మామిడి పండుం అనగానే మేడం పెన్ను పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది.

“పినపాక దిక్కు కోయ గుంపులకు కొత్తగ డ్యూటీ మీద పోయినప్పుడు, పండుం గాకముందే చెట్టు కింద పడ్డ కాయకు ఉప్పు కారం పెట్టుకోని తిన్న,” అంది. “నాతోటి రెండు కోళ్లు తప్పు కట్టించిండ్రు. నీది బొమ్మ గద, ఒక్కటి సరిపోతదేమో.”

నవ్వు అయిపోయాక మొహం మార్చింది. పండుం పిల్లల సంగతి, దానికి ఆగుతాను, దొంగ నక్షత్రాలు నీ సంగతి అంది. నాతోనే ఏడు మామిడికాయలూ మళ్లీ కొమ్మలకు పెట్టించి, నక్షత్రాలు తీసేయించి, చేసింది రాసివ్వమని సంజాయిషీ తీసుకుంది. వచ్చే గురువారం మళ్లీ వస్తానంది. వచ్చింది కూడా. ఆ ముచ్చట ఇక్కడే చెప్పేస్తాను: కంప్యూటర్ ఇప్పటికీ మా దగ్గరే ఉంది.

కానీ ఆ రెండు మూడు రోజులు నా దిగులు కంప్యూటర్ గురించి కాదు. పిల్లలు నాతో మామూలుగానే ఉన్నారు, గుడ్డు పెద్దది కావాలని అడిగారు, మామూలుగానే నా చేత తిట్లు తిన్నారు. పూజారి మనవరాలు మాత్రం నా దగ్గరికి రాలేదు. అన్నం నేను వడ్డిస్తే తినకుండా కూర్చుంటే ఆయా పెట్టింది. బల్ల దగ్గర వెనక నిలబడి కోయలో మాట్లాడుతూనే ఉంది, నేను దగ్గరికి పోతే ఆపేసేది. ఏడాది ఎదురుచూస్తే ఒక్క మాట వచ్చింది, ఆ ఒక్క మాటా నన్ను దొంగవా అని అడగడానికి వచ్చింది. కోపం చేసుకుందామంటే నా మీద తప్ప ఎవరి మీద చేసుకోవాలో తెలియలేదు.

శనివారం పూజారి కబురు పెట్టాడు. ఆదివారం పండుం, టీచరమ్మ కొబ్బరికాయ, కోడి తీసుకుని పొద్దున్నే రావాలి, మధ్యాహ్నం అన్నానికి కాదు. కోడిని సంచిలో పెట్టుకుని స్కూటీ మీద పోతుంటే అది దారంతా అరిచింది. పైగా బయలుదేరేటప్పుడు మా ఆయన, బొమ్మ కాయకు నిజం కోడి ఎందుకు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే సరిపోదా అని వెటకారం చేశాడు.

గుంపంతా చెట్ల కింద చేరింది. పక్క గుంపు వాళ్లు కూడా వచ్చారు. అందరి ముందు పూజారి నా తప్పేమిటో చెప్పాడు. నవ్వులు వినబడ్డాయి. ఒక ముసలామె ఆ కాయ తియ్యగా ఉందా పుల్లగా ఉందా అని అడిగింది. నేను కొబ్బరికాయ ఇచ్చి, కోడిని ఇచ్చి, తప్పయింది అన్నాను. మా ఇంట్లో ఎవరికీ నేను ఆ మాట చెప్పి ఎరగను. ఆ రోజు అనుకున్నంత కష్టం కాలేదు. వేల్పులకు పెట్టడం అయ్యాక కాయలు కోసి ముక్కలు పంచారు. జ్వరంతో ఇంట్లో పడుకున్న వాళ్లకు కూడా ఆకులో కట్టి పంపారు. అందరి చేతుల్లోకీ వచ్చేదాకా ఎవరూ నోట పెట్టలేదు. నా చేతిలోనూ ఒక ముక్క ఉంది. పదేళ్లలో నాకు అది మొదటి ముక్క, అంతకుముందు అన్నీ అయిపోయాక వచ్చేదాన్ని. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి.

తినడం అయ్యిందో లేదో పిల్లలు నా చీర పట్టుకున్నారు. సెంటర్ తాళం తియ్యాలి. ఆదివారం, సెలవు అన్నాను. ఎవరు వింటారు. తాళం తీశాను. మనుషులను లెక్క పెట్టుకున్నారు, పదకొండు. ఒక్కొక్కరూ తమ బుట్ట తెరిచి, వెనకున్న వాళ్లు అరుస్తుండగా, తమ మామిడికాయను తామే కొమ్మ మీద నుంచి దింపారు. గంట మోగినప్పుడల్లా కిటికీలోంచి చూస్తున్న తల్లులు నవ్వారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఆ రోజు నా అవసరం అక్కడ ఏమీ లేదు, అందుకు నాకు సంతోషంగానే ఉంది.

పదకొండో గంట పూజారి మనవరాలిది. అది మోగాక కూడా బల్ల దగ్గర నుంచి లేవలేదు. మౌస్‌తో అటూ ఇటూ వెతికి, ఎవరి ఫొటో లేని ఒక ఖాళీ బుట్టను తెరిచింది. కొమ్మలకు మళ్లీ ఆరు పండ్లు వచ్చాయి. అప్పుడు లేచి నా దగ్గరికి వచ్చి, వేలు పట్టుకుని తీసుకుపోయి బల్ల ముందు కూర్చోబెట్టింది. నా చెయ్యి తీసి మౌస్ మీద పెట్టింది. అది చిన్నపిల్లల బల్ల, నా మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. నా భుజం మీద దాని గడ్డం ఆనింది.

“ఇప్పుడు తిను టీచర్,” అంది.